ఇండెంటు

జెడ్పీ చైర్‌పర్సన్ కుర్చీకి
తెల్ల టవలు కప్పుతారు.
మొదటిరోజు దాన్ని చూడంగానే
నా చేతులు వాటికవే పోయి
అంచులు మడిచి బిగించినాయి,
కాన్పు టేబులు మీద గుడ్డ బిగించినట్టు.
అటెండరు గుణశేఖరు గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు.

పద్దెనిమిదేండ్లు
బంగారుపాళ్యం అవతల, కొండ కింద ఆస్పత్రిలో
నైట్ డ్యూటీ చేసినదాన్ని.
ఆరు మంచాలు. ఒక ఫ్యాను.
మామిడి కాలంలో లారీల దుమ్ము,
సెనక్కాయ పెరికే కాలంలో పాములు.
ఎవురొచ్చినా ముందు టైము రాయాల.
మాకు నిమిషమంటే
సీసాలోనుంచి చుక్కచుక్కగా దిగే వస్తువు.

చెంగల్రాయులు తోట కాపలాదారు.
కాలికి తువ్వాలు చుట్టుకోని
రెండూ పదికి నడిచొచ్చినాడు.
"ఏమీ లేదు సిస్టరే, ముల్లు గీరినట్టుంది" అన్నాడు.
పది వయల్స్ కావాల.
ఫ్రిజ్జులో రెండుండాయి.
రెండూ ఎక్కించి, ఆంబులెన్సుకు ఫోను చేసి,
రెప్పలు వాలిపోతా ఉంటే చెంపలు తట్టి,
నిద్రపోవద్దని తిట్టినా.
నాకొచ్చిన తిట్లన్నీ అయిపోయినాయి.
నాలుగూ ఐదుకి
రిజిస్టరులో అదే వరసలో ఇంకో టైము.

ఆ పొద్దున రాసిన ఇండెంటు
నా బతుకులో అన్నిటికంటే గుండ్రటి చేతిరాత.
కార్బన్ పెట్టి, గట్టిగా ఒత్తి రాసినా.
అట్లాంటివి పదకొండు పంపినా.
జవాబు ఒకటొచ్చింది:
'ఖాళీ సీసాల లెక్క జతపరచండి.'

తర్వాత, ఐదు నెలల జీతాలు రాక
చిత్తూరు కలెక్టరేటు గేటు ముందర కూర్చున్నాం.
మైకు నా చేతికిచ్చినారు.
నా గొంతు పెద్దది కదా,
"ముక్కమ్మా, ఇంకొంచెం ముక్కు" అని
గోడలదిరేటట్టు అరిచిన గొంతు.
అది విన్నోళ్ళెవురో శాలువా తీసుకోని ఇంటికొచ్చినారు.
సీటు ఆడోళ్ళకు పడిందంట.
వాళ్ళకు ఒక పేరు కావాల.
పేరు వెనకాల మనిషి అంత అవసరం లేదు.

ఓట్లకు పోతే
నాకు గడపలు కావు, కాన్పులు గుర్తొచ్చినాయి.
ఇదో ఈ ఇంట్లో కాళ్ళు ముందొచ్చిన బిడ్డ,
ఆ నీలం తలుపింట్లో ఏడవని బిడ్డ.
ఒకామె చాటలో రాళ్ళేరతా
తలెత్తకుండానే అనింది:
"ఆ పొద్దు నా చెంప పగలగొట్టినావు, మరగతం.
యాడ మర్చిపోతాను?
నీకే వేస్తాలే."
నాకు ఆ చెంప గుర్తు లేదు.
ఎన్ని చెంపలని గుర్తుంటాయి!

మొన్న సీఈఓ గారు ఫైలు తెచ్చినారు.
ఎర్ర దారం విప్పితే
అడుగున నా కార్బన్ కాపీ, వెలిసిన నీలం.
పక్కన మూడు సంతకాలు.
'చూడబడినది.' 'చూడబడినది.'
'నిధుల లభ్యతను బట్టి.'
అందరూ తేదీ వేసినారు.
ఒక్కరన్నా టైము వెయ్యలేదు.

పైన కొత్త కాగితం.
అదే ఆస్పత్రి, పరిమళ అనే పిల్ల రాసింది.
ఇరవై వయల్స్.
"ఈ ఏడాదికి ఆ పద్దు లేదు మేడమ్.
రోడ్ల పద్దుంది,
గుజ్జు ఫ్యాక్టరీ రోడ్డుకు మనవాళ్ళు బయట కూర్చోనుండారు.
దీనికి పరిశీలించమని రాస్తే చాలు."

రాసినా.
పరిశీలించండి.
కింద సంతకం, తేదీ,
ఆ పక్కన చెయ్యి ఆగక
మధ్యాహ్నం మూడూ ఇరవై.
"టైము అక్కర్లేదు మేడమ్."
"అక్కర్లేకపోతే ఉండనీండి."

రాత్రి నిద్ర పట్టలేదు.
పద్దెనిమిదేండ్లు మేలుకున్న కండ్లు,
పదవి వస్తే మాత్రం అలవాటు మానుతాయా.
రెండూ పదికి ఆస్పత్రికి ఫోను చేసినా.
మొదటి రింగుకే ఎత్తింది, మంచి పిల్ల.
"నేను, మరగతాన్ని.
ఫ్రిజ్జులో ఎన్నుండాయమ్మే?"

తలుపు తెరిచిన శబ్దం.
మళ్ళీ మూసిన శబ్దం.

"రెండే మేడమ్" అనింది.
సిస్టరే అనలేదు.